మా అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ, జిమ్మీ గొంతు గురించి

ఈ నెల మొదటి ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మోటారు రిపేరు, లిఫ్ట్ సర్వీసింగ్ అయ్యాక మూడో విషయంగా జిమ్మీ పేరు వచ్చింది. జిమ్మీ అంటే మూడో అంతస్తు బాబాయి గారి కుక్క. తెల్లటి బొచ్చు కుక్క, ఐదేళ్లది. "గొంతుకు చిన్న ఆపరేషన్ చేయిస్తే అరుపు ఆగిపోతుందట. కావాలంటే ఖర్చులో కొంత అసోసియేషన్ నుంచి ఇద్దాం" అన్నారు ఒకరు. చాలామంది తలలూపారు. పది నిమిషాల్లో అయిపోయింది, టీ వచ్చింది. బాబాయి గారు తల వంచుకుని కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. "కుక్క గోలకు శాశ్వత పరిష్కారం చూడండి" అని అంతకు రెండు నెలల ముందు ఆయనకిచ్చిన కాగితం మీద పద్నాలుగు సంతకాలున్నాయి. నాలుగోది నాది. మా అత్తగారికి స్టెంట్ వేసి ఇంటికి తెచ్చిన వారం అది. మధ్యాహ్నం ఆవిడకు కాస్త కన్ను మూతపడేసరికి జిమ్మీ మొదలుపెట్టేది. కింద ఫ్లాట్‌లో బాబు నీట్ లాంగ్‌టర్మ్ చదువుతున్నాడు, వాళ్లమ్మ నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాబట్టి ఈ గోల పెద్ద విషయం కాదని నేననను. పెద్ద విషయమే. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకు తెలుస్తుంది. కానీ ఆ కాగితంలో "శాశ్వత పరిష్కారం" అన్న మాట దగ్గర నేను ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

ఎందుకంటే ఆ పరిష్కారం ఎలా ఉంటుందో నేను అప్పటికే చూశాను.

గుంటూరు లక్ష్మీపురంలో మా పెదనాన్న గారబ్బాయి ఇంట్లో సీజర్ అని లాబ్రడార్ ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు గేటు తీయగానే ఎగిరి వచ్చింది. మెడ చాచి, నోరు పూర్తిగా తెరిచి మొరిగింది. వచ్చింది మొరుగుడు కాదు, ఎండిన కొబ్బరి మట్టను గచ్చు మీద ఈడ్చినట్టు ఒక గీర. ఒక్కోసారికీ డొక్కలు లోపలికి పోతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గోళ్లు నేల మీద జారుతున్నాయి. ఒళ్లంతా మొరుగుతోంది, గొంతు ఒక్కటీ రావడం లేదు. తర్వాత వెళ్లి నీళ్లు తాగింది. గిన్నె ఖాళీ అయ్యేలోపు నాలుగుసార్లు దగ్గింది.

"నీళ్లు తాగితే దగ్గుతుందిలే అమ్మాయ్, దానికది మామూలే" అన్నాడు అన్నయ్య.

"ఆపరేషన్‌కు ముందు కూడా దగ్గేదా అన్నయ్యా?"

కాసేపు ఆలోచించి, "లేదనుకుంటా" అన్నాడు.

అన్నయ్య దుర్మార్గుడు కాడు. రోజూ తన చేత్తో చికెన్ ఉడికించి పెడతాడు దానికి. పక్కింటివాళ్లు పోలీసు కంప్లయింట్ ఇస్తామంటే బెదిరిపోయి చేయించాడు. ఆ తర్వాత ఒక రాత్రి వాళ్ల బైక్ పోయింది. పొద్దున్నే కెమెరా రికార్డింగ్ వేసి చూస్తే సీజర్ గేటు వైపు తిరిగి ఏడెనిమిది నిమిషాలు మొరుగుతూనే ఉంది. ఇంట్లో నలుగురున్నారు, ఒక్కరికీ మెలకువ రాలేదు. అన్నయ్య ఆ వీడియోలో దొంగ మొహం వెతుకుతుంటే, వదిన కుక్కను చూసి ఏడ్చిందట.

మా మీటింగ్ మర్నాడు జిమ్మీని, బాబాయి గారిని తీసుకుని మాకు తెలిసిన పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆపరేషన్ చేయనని చెప్పేశారు. కానీ అంతటితో పంపేయకుండా కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించారు. శ్వాసనాళం మొదట్లో స్వరపేటిక ఉంటుంది, అందులో అటొకటి ఇటొకటి స్వరతంత్రులు. పూర్తి మత్తిచ్చి, నోట్లోంచి గానీ మెడ కింద కోసి గానీ లోపలికి వెళ్లి ఆ తంత్రుల్లో కొంత కండ కత్తిరించి తీసేస్తారు. అయినా పూర్తి నిశ్శబ్దం రాదు, బొంగురు మిగులుతుంది. నోట్లోంచి చేస్తే కొన్నాళ్లకు అరుపు తిరిగి రావచ్చు, అప్పుడు మళ్లీ కోయాలి. గాయం మానేటప్పుడు లోపల సాలెగూడులాగా మచ్చకండ పెరిగి గాలి వెళ్లే దారి ఇరుకు కావచ్చు. నీళ్లో, తిండో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. సీజర్ దగ్గు నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన ఇంకో మాట అన్నారు, అదే నన్ను పట్టుకుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. వేడి దిగాలంటే నాలుక బయటపెట్టి రొప్పడమే దారి. ఆ గాలంతా వెళ్లేది, రావాల్సింది ఈ ఇరుకు సందులోంచే. మే నెలలో మన బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మనం చూడలేదా? ఏసీలో కూర్చున్న మనకే ఊపిరాడదు. ఒంటినిండా బొచ్చున్న జీవానికి ఆ ఒక్క దారినీ ఇరుకు చేసి, పడమటి బాల్కనీలో కట్టేస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

జిమ్మీ ఉండేది పడమటి బాల్కనీలోనే. అది కూడా ఈ మధ్యే నేను సరిగ్గా గమనించాను. ఇంటి నుంచే పని కాబట్టి ఒక వారం పాటు అది ఎప్పుడెప్పుడు మొరుగుతుందో టైము వేసి రాశాను. పొద్దున పాలవాడు వచ్చినప్పుడు రెండు నిమిషాలు. లిఫ్టు తలుపు కొట్టుకున్నప్పుడల్లా నాలుగైదు అరుపులు. ఇవేవీ మనల్ని ఏడిపించేవి కావు. ఏడిపించేది మధ్యాహ్నం పన్నెండు తర్వాత మొదలయ్యేది: ఒకే వరసన, ఒక అరుపు, కాస్త ఆగి మళ్లీ ఒకటి, గంటన్నర పాటు. ఆ టైములో బాబాయి గారు బయట పనుల మీద ఉంటారు. పిన్ని గారు మోకాలి ఆపరేషన్ అయ్యాక మందులేసుకుని పడుకుంటారు. ఎండ జరిగి గ్రిల్లు లోపలికి వస్తుంది. గొలుసు ఆరడుగులు. గిన్నెలో నీళ్లు ముట్టుకుంటే కాఫీకి పనికొచ్చేంత వేడి. నేను ఆ గిన్నెలో వేలు పెట్టి చూశాను.

ఆ కుక్కను ముద్దుగా పెంచిన బాబాయి గారబ్బాయి మూడేళ్ల క్రితం కెనడా వెళ్లిపోయాడు. రోజూ సాయంత్రం దాన్ని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఇప్పుడు కూడా కింద ఏ బండి ఆగినా అది గ్రిల్లులోంచి మూతి బయటపెట్టి చూస్తుంది.

అంటే ఏమిటి? ఎండగా ఉంది, దాహంగా ఉంది, ఒక్కదాన్నే ఉన్నాను అని గంటన్నర పాటు చెబుతోంది. ఆపరేషన్ చేయిస్తే ఎండా తగ్గదు, దాహమూ తగ్గదు, అబ్బాయీ తిరిగిరాడు. అది చెప్పడం కూడా మానదు, సీజర్ మానలేదుగా. మనకు వినపడకుండా పోతుంది. ఫిర్యాదు చేసేవాడి గొంతు నులిమి సమస్య తీరిపోయిందని రాసుకున్నట్టు ఉంటుంది. మనుషుల విషయంలో ఎవరైనా ఇలా చేస్తే మనం రోడ్డెక్కమూ?

"మొరిగే కుక్క కరవదు" అంటారు మనవాళ్లు. మొరుగుడు అంటేనే దగ్గరకు రావద్దని ముందుగా చెప్పడం. ఆ చెప్పే వీలు తీసేస్తే దాని దగ్గర మిగిలేది పళ్లే. మన సెల్లార్‌లో పిల్లలు ఆడుకుంటారు. మీటింగ్‌లో ఈ సంగతి ఎవరూ అనలేదు.

ఆ రాత్రి మా అత్తగారు మా పాపకు ఏకలవ్యుడి కథ చెప్పారు. మీటింగ్ మాటలు విని గుర్తొచ్చిందేమో. అడవిలో కుక్క మొరుగుతుంటే ఏకలవ్యుడు ఏడు బాణాలతో దాని నోరు మూసేశాడు, పాండవులు చూసి ఆ విలువిద్యకు ఆశ్చర్యపోయారు అని. పాప అంతా విని, "మరి ఆ బాణాలు ఎవరు తీశారు నానమ్మా?" అని అడిగింది. ఆవిడ దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు. నేను చిన్నప్పటి నుంచి ఈ కథ వింటున్నాను, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదు.

"ఆపరేషన్ చేయించకపోతే రోడ్డు మీద వదిలేస్తారు, అంతకన్నా ఇదే నయం కదా" అని మన ట్రెజరర్ గారన్నారు. ఈ వాదన తీసిపారేసేది కాదు. అమెరికా పశువైద్యుల సంఘం కూడా దీన్ని పూర్తిగా కాదనలేదు. కానీ వాళ్లు చెప్పేది ఏమిటంటే, శిక్షణతో, అలవాట్లు మార్చడంతో చేయగలిగిందంతా చేసి, అదీ ఫలించక, ఇక కుక్కను చంపేయడం ఒక్కటే మిగిలినప్పుడు చివరి మార్గంగా అని. మనం ఆ చివరి మెట్టు మీద ఉన్నామా? మొదటి మెట్టు ఎవరం ఎక్కాం? ఆ గిన్నెలో చల్లటి నీళ్లు పోయడానికి ముందే గొంతు కోసే ఖర్చు లెక్కలేశాం.

చట్టం అడ్డొస్తుందా అని సెక్రటరీ గారడిగారు కాబట్టి చెబుతున్నాను. జబ్బు నయం చేయడానికి కాకుండా చేసే ఆపరేషన్లలో ఇదీ ఒకటని 1987లోనే యూరప్ దేశాలు పెంపుడు జంతువుల ఒప్పందంలో రాసుకుని, తోకలు కోయడం, చెవులు కత్తిరించడంతో పాటు దీన్నీ నిషేధించాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2010లో నిషేధించింది. మన దగ్గర 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ఉంది. జంతువు ఒంటిని వికలం చేయడం దాని ప్రకారం నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ అంకె చదివి నాకు ఏడుపొచ్చింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో జంతువులకుండాల్సిన ఐదు స్వేచ్ఛల గురించి చెప్పింది. ఆకలి దప్పులు లేకుండా ఉండడం, భయం, నొప్పి లేకుండా ఉండడం లాంటి వాటితో పాటు తన సహజ స్వభావం ప్రకారం ప్రవర్తించడం కూడా అందులో ఒకటి. కుక్కకు మొరగడం కన్నా సహజమైనది ఏముంది?

అయితే మొరగడం కుక్క హక్కు అనేసి యజమాని చేతులు దులుపుకోవడం కూడా నేను ఒప్పుకోను. రాత్రి పదింటి తర్వాత నిద్ర మనుషుల హక్కే. బాబాయి గారితో ఈ మాట సూటిగానే అన్నాను. ఆయన బాధపడలేదు. "నాకు చేతకావట్లేదమ్మా, వాడేమో అక్కడ, ఇదేమో ఇక్కడ" అన్నారు. ఆ మాట మీటింగ్‌లో అనగలిగి ఉంటే ఎంత బాగుండేది! ఆయనను అడిగినవాళ్లమూ లేము.

మూడు వారాలుగా ఏం చేస్తున్నామో చెబుతాను. జిమ్మీ పగలు హాల్లో ఫ్యాను కింద ఉంటోంది. బాల్కనీకి ఆకుపచ్చ నెట్ కట్టించాం, రోడ్డు కనపడదు, ఎండా తగ్గింది. పొద్దున ఐదున్నరకు నేనూ పాపా దాన్ని మొగల్రాజపురం కొండ కింద రోడ్డు మీద నలభై నిమిషాలు నడిపిస్తున్నాం. మధ్యాహ్నం పిన్ని గారు పడుకునే ముందు ఒక ఎముక ఇచ్చి పడుకుంటున్నారు, అది కొరుక్కుంటూ నిద్రపోతోంది. గంటన్నర గోల ఇప్పుడు పావుగంటకు వచ్చింది. పూర్తిగా ఆగలేదు, లిఫ్టు తలుపుకి ఇంకా మొరుగుతూనే ఉంది. లిఫ్టు తలుపుకి రబ్బరు వేయిస్తే అదీ తగ్గుతుంది, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఆ కాగితం మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని సెక్రటరీ గారికి రాసిచ్చాను. మిగతా పదముగ్గురూ వచ్చే మీటింగ్‌లోపు ఒక్కసారి మూడో అంతస్తుకి వెళ్లి జిమ్మీని చూసి రండి. కింద ఫ్లాట్ బాబుకి పరీక్ష అయ్యేదాకా పగలంతా దాన్ని మా ఇంట్లో ఉంచుకోవడానికి నేను సిద్ధం, మా అత్తగారు కూడా సరేనన్నారు. వాళ్లమ్మగారితో నిన్న మాట్లాడాను. బాబు రాత్రుళ్లు ఎప్పటిదాకా చదువుతాడో, ఏ టైములో అస్సలు శబ్దం ఉండకూడదో రాసి ఇస్తానన్నారు.