వెరీకి ప్రవేశం లేదు

వెరీ అనే పదం ఇంగ్లీషుకు చేస్తున్న చాకిరీ అంతా ఇంతా కాదు. వెరీ గుడ్, వెరీ హాట్, వెరీ స్లోలీ. పిలవడమే ఆలస్యం, వచ్చి ముందు నిలబడుతుంది. అంతటి సేవకుణ్ణి ‘ఇన్ ద మిడిల్’ వాళ్లు, అంటే ఇన్, బిహైండ్ లాంటి చోటూ కాలమూ చెప్పే ప్రిపోజిషన్లు, గుమ్మంలోనే ఆపేశారు. ‘వెరీ ఇన్ ద మిడిల్’ అనకూడదట. ‘వెరీ బిహైండ్ ద డోర్’ అసలే అనకూడదట. ఎందుకని అడిగితే, ‘అలా అనరు’ అంటారు. ఇది అన్యాయమని భావించి వెరీ తరఫున వకాల్తా పుచ్చుకోవడమైనది.

అదే గుమ్మంలోకి రైట్ మాత్రం దర్జాగా వెళ్తుంది. రైట్ ఇన్ ద మిడిల్, రైట్ బిహైండ్ ద డోర్, రైట్ ఆన్ టైమ్. ఇక్కడ రైట్ అంటే కుడీ కాదు, ఒప్పూ కాదు, ‘సరిగ్గా’ అని. నడుమను రెట్టించి, ముందుదానికి ద్విరుక్త టకారం (ట్ట) తగిలించి మనం ‘నట్టనడుమ’ అంటామే, ఎట్టఎదుట, చిట్టచివర అంటామే, ఆ పనంతా ఇంగ్లీషు ఈ ఒక్క పదం చేత చేయిస్తుంది. ‘చాలా నడుమ’ అని మనమూ అనం కదా అంటారేమో. నిజమే, అక్కడ మా వాదన కొంచెం బలహీనం. ఆ సంగతి అవతలి వకీలుకు చెప్పకండి.

రైట్ ఒక్కదానికే అయితే ఏదో పాత స్నేహం అనుకుని ఊరుకుందుము. డెడ్ ఆన్ టైమ్ అంటారు, స్మాక్ ఇన్ ద మిడిల్ అంటారు. చచ్చినవాడికి, చెంపదెబ్బకు కూడా ప్రవేశం ఉంది.

ఈ పక్షపాతం ఎంత గట్టిదంటే వ్యాకర్తలు దాన్నే పరీక్షగా పెట్టుకున్నారు. రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో తెచ్చిన 1,800 పేజీలు దాటిన వ్యాకరణంలో, ప్రిపోజిషన్‌ను గుర్తుపట్టే ఆనవాళ్లలో ఇదొకటి: ముందు రైట్, స్ట్రెయిట్ ఒప్పుతాయా లేదా. దాంతో వెనక నామవాచకం లేకుండా తిరిగే ఒంటరి పదాలు కూడా దొరికిపోయాయి. రైట్ హియర్, రైట్ నౌ, రైట్ అవే. బడి పుస్తకంలో ఇవన్నీ యాడ్‌వర్బులే, అంటే క్రియావిశేషణాలు. ‘గో అప్ ద స్టెయిర్స్’లో అప్ ప్రిపోజిషన్ అట, మెట్లు తీసేసి ‘గో అప్’ అనగానే యాడ్‌వర్బ్ అట. ఈట్ ఏం తిన్నదో చెప్పినా చెప్పకపోయినా క్రియగానే ఉంటుంది. అప్‌కు మాత్రం మెట్లు లేకపోతే ఉద్యోగం మారిపోతుంది! ఇది అర్థం లేని విభజన అని డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లోనే వాదించాడు. బడి పుస్తకాలు ఇంకా తొందరపడటం లేదు.

వెరీకి పూర్తిగా తలుపులు మూశారని చెబితే అబద్ధమవుతుంది. వెరీ ఇన్ లవ్, వెరీ అవుట్ ఆఫ్ డేట్ అనవచ్చు. అవి పైకి ప్రిపోజిషన్ వేషం కట్టినా చెప్పేది చోటు కాదు, స్థితి. ‘పాతబడింది’ అంటే ‘ఎంత?’ అని అడగవచ్చు. మిగతాచోట్ల ఇంకొకరి భుజమెక్కి లోపలికి రావాలి: వెరీ మచ్ ఇన్ ఫేవర్, వెరీ ఫార్ బిహైండ్, వెరీ సూన్ ఆఫ్టర్. మచ్, ఫార్, సూన్ దిగిపోతే వెరీ మళ్లీ బయటే.

ఇక కొలతల సంగతి. టెన్ మినిట్స్ బిఫోర్, టూ ఫీట్ అబవ్, త్రీ మైల్స్ బియాండ్ చెల్లుతాయి, ఎందుకంటే బిఫోర్, అబవ్, బియాండ్‌లలో రెండింటి మధ్య ఎడం ఉంది, టేపు పెట్టి కొలవవచ్చు. ‘టెన్ మినిట్స్ ఎట్ ఫైవ్’ చెల్లదు. ఎట్‌లో ఎడమే లేదు, టేపు ఎక్కడ పెడతారు? వెల్, లాంగ్‌ల కథా ఇంతే. వెల్ బిఫోర్ అంటే బాగుగా ముందు కాదు, చాలా ముందు. సూన్ ఆఫ్టర్ ఉంది, సూన్ బిఫోర్ లేదు. సూన్‌కు చూపు ముందుకే గాని వెనక్కి తిరగదు. వెనక్కి వెళ్లాలంటే షార్ట్‌లీ బిఫోర్ అనాలి. స్ట్రెయిట్‌కు చోటు విషయంలో సాధారణంగా కదలిక కావాలి: స్ట్రెయిట్ ఇన్‌టు ద డ్రాయర్ సరే, ‘ఇట్ ఈజ్ స్ట్రెయిట్ ఇన్ ద డ్రాయర్’ అంటే వస్తువు సొరుగులో పడి ఉంది, ఇక నేరుగా ఎక్కడికి పోతుంది?

జస్ట్‌కు, డైరెక్ట్‌లీకి తేడా తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. విమానం ‘డైరెక్ట్‌లీ అబవ్ ద హౌస్’ ఉందంటే ఇంటికి నిట్టనిలువుగా పైన అని, ఎత్తు 10 కిలోమీటర్లయినా కావచ్చు, పడుకోండి. ‘జస్ట్ అబవ్ ద హౌస్’ అంటే కప్పును రాసుకుంటూ పోతోందని. పరిగెత్తాలి.

ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కితే చూడాలి. పిల్లి ఎక్కడికి వెళ్లింది? ‘రైట్ బ్యాక్ అప్ ఆన్‌టు ద రూఫ్’. నాలుగు పదాలు, నాలుగు పనులు: సరాసరి, మళ్లీ, పైకి, మీదికి. వరుస మార్చి ‘అప్ బ్యాక్ రైట్ ఆన్‌టు’ అంటే పిల్లి కప్పెక్కదు. ‘ఫ్రమ్ అండర్ ద టేబుల్’ మనకు సులువు, ‘బల్ల కింద నుంచి’ని తిరగేస్తే చాలు.

చివరగా రైట్ మీద మా అభియోగం. ‘టర్న్ రైట్ ఎట్ ద కార్నర్’ అన్నారనుకోండి. మూల దగ్గర కుడికి తిరగమనా, సరిగ్గా మూల దగ్గరే తిరగమనా? చెప్పేటప్పుడు రైట్ తర్వాత కాస్త ఆగితే కుడి, ముందు ఆగితే సరిగ్గా. రాతలో ఆ ఆగడం కనపడదు. ఎడమకే, అదీ సరిగ్గా మూలలోనే అని చెప్పాలంటే ‘టర్న్ లెఫ్ట్ రైట్ ఎట్ ద కార్నర్’ అనాలి, వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. విన్న డ్రైవరు బండి ఆపి వెనక్కి తిరిగి మన మొహం చూస్తాడు. రైట్ తీసేసి ఎగ్జాక్ట్‌లీ పెట్టుకుంటే బండి కదులుతుంది. వెరీ వల్ల మాత్రం ఇంతవరకు ఎవరూ దారి తప్పిన దాఖలా లేదని కోర్టువారికి మనవి.