‘వాళ్లయ్య గూడ గిట్లనే ఉండె’: ఏడీహెచ్‌డీ విషయంల ముసలామె మాటే నిజం

మిర్యాలగూడ దగ్గర మా అక్కోళ్ల ఊరు. సంక్రాంతికి పోయినప్పుడు తొమ్మిదేళ్ల అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టి ఏడో ఎక్కం రాయించిన, నాలుగు లైన్లు మంచిగనే రాసిండు, ఐదోది సగంల ఉండంగ బయట ట్రాక్టర్ సప్పుడైంది, పెన్సిల్ ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండు. మళ్ల వచ్చేసరికి ఎక్కం యాదికి లేదు, పెన్సిల్ యాడ పడేసిండో అసలే యాదికి లేదు. ఇంట్ల అందరిదీ ఒకటే మాట, తల్లి గారాబం చేసి చెడగొట్టిందని. అక్క తల ఎత్తకుండ బియ్యం ఏరుకుంటనే ఉంది. అప్పుడు వాళ్ల అత్తమ్మ అన్నది, "గిదేం కొత్తనా, వీళ్లయ్య బర్లను మేపనీకి పోయి బర్లనిడిసి ఒక్కడే ఇంటికొచ్చేటోడు" అని.

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస ఒక్క చోట నిలువకపోవుడు, కుదురుగ కూర్చోలేకపోవుడు, ఆగకుండ తొందరపడుడు. నాకైతే దీని మీద సైన్స్ చెప్పేదానికి అత్తమ్మ మాటే దగ్గరున్నది.

ఆవు చేన్ల మేస్తే దూడ గట్టున మేస్తదా అంటం గదా, మరి దూడ ఆవును చూసి నేర్చుకున్నదా, పుట్టుకతోనే తెచ్చుకున్నదా? ఇది తేల్చనీకి కవలలను చూసిండ్రు. ఒకే అండం నుంచి పుట్టినోళ్లకు జీన్స్ దాదాపు ఒకటే, వేర్వేరు అండాలైతే సగటున సగమే కలుస్తయ్, ఇల్లు తిండి తల్లి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఒకరికి ఏడీహెచ్‌డీ ఉంటే రెండోవాళ్లకు ఉండుడు మొదటి రకంలనే చాలా ఎక్కువ. అట్లాంటి స్టడీలన్నీ కలిపి చూస్తే వారసత్వం వాటా 74 శాతం దాకా వచ్చింది. అంటే ఒక పిల్లగాని సమస్యల ముప్పాతిక జీన్స్‌ది అని కాదు, జనంల మనిషికీ మనిషికీ ఉన్న తేడాల అంత భాగం జీన్స్ వల్ల అని. అది గూడ ఒక్క జీన్ కాదు, 2023లో వచ్చిన పెద్ద స్టడీల జీనోంల, అంటే మన జీన్స్ అన్నీ ఉండే మొత్తం చిట్టాల, 27 చోట్లు దొరికినయ్, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది.

మెదడు సంగతి కొస్తే, 1990ల అమెరికాల 25 మంది పెద్దోళ్లకు పెట్ స్కాన్, అంటే మెదడు ఎంత గ్లూకోజ్ వాడుకుంటున్నదో చూపే స్కాన్, చేసిండ్రు. వాళ్లకు చిన్నప్పటి నుంచి ఈ సమస్య ఉన్నది, వాళ్ల సొంత పిల్లలకూ ఉన్నది. మామూలోళ్లతోని పోలిస్తే వీళ్ల మెదడు గ్లూకోజ్ వాడుకునుడు 8.1 శాతం తక్కువొచ్చింది, ముఖ్యంగ నుదుటి ఎనక భాగంల. నెదర్లాండ్స్‌ల 2015ల ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడ్డది: చేయబోయిన పనిని టక్కున ఆపుకునే పరీక్షల, ఏ లక్షణాలు లేని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల మెదడు పనితీరు గూడ అటు పేషెంట్లకూ ఇటు మామూలోళ్లకూ నడుమ ఉన్నది. అంటే ఇది ఒక్క పిల్లగాని గారాబం ముచ్చట కాదు, కుటుంబంలనే వచ్చేది అనిపిస్తది! అయితే ఇవన్నీ గుంపుల సగటు లెక్కలు, ఒక్క పిల్లగాని తలకాయ స్కాన్ చేసి చెప్పేది కాదు. మా అక్కతోని ఒక ప్రైవేటు దవాఖానల ముందు ఎంఆర్ఐ తీపియ్యమన్నరు, ఇంటి ముచ్చట ఒక్కటి గూడ అడగలేదు, అది నాకు ఇంకా కోపమే.

మా నల్గొండల ఏ రోగమొచ్చినా మాట నీళ్ల మీదికి పోతది, ఫ్లోరైడ్‌తోని నడుములు వంగిన మనుషులను చూసిన జిల్లా కాబట్టి తప్పు పట్టను. కానీ దీనికి ముందు అడగాల్సింది తల్లిదండ్రుల చిన్నతనం. పాలమూరు దిక్కు ఇదే కష్టం, అమ్మానాన్న బొంబాయికో పూణెకో పనికి పోతరు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటరు, క్లాసుల కూర్చోకపోతే తల్లిదండ్రులు లేక ఆగమైండంటరు. కొందరి విషయంల అది నిజమే, బెంగతోని గూడ పిల్లలు గట్లనే చేస్తరు. ఏది ఏదో తేలాల్నంటే పన్నెండేళ్ల లోపలనే మొదలైందా, ఇంట్లా బడిలా రెండు చోట్లా ఉన్నదా చూడాలె, నాయినకు ఫోన్ చేసి నువ్వెట్ల ఉంటివి అని అడగాలె.

ఇల్లు లెక్కలకే రాదని అంటలేను. తిట్లు ఈ రోగాన్ని పుట్టియ్యవు, కానీ బతుకు కష్టం చేస్తయ్. తండ్రికే ఉంటే మందు టైంకి ఇచ్చుడు ఆయనకే యాదికుండదు, అందుకే తల్లిదండ్రులకు నేర్పుడు గూడ ట్రీట్‌మెంట్‌ల భాగం. యాడికి పోవాల్నో తెలువకపోతే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఫ్రీగ చేయొచ్చు.

పోయిన నెల డాక్టర్ దగ్గరికి ఈసారి బావ గూడ పోయిండు. కొడుకు గురించి అడిగిన ప్రశ్నలకు తన బర్ల ముచ్చట, మోటర్ బంద్ చేయ మర్సిపోయిన ముచ్చట చెప్పుకుంట పోయిండట, ఆఖరికి డాక్టర్‌కు చూపెట్టుకోనీకి ఇంకో చిట్టీ తన పేరు మీద రాయించుకున్నడు.