రక్తనాళాల ఎంఆర్‌ఐ: త్వరగా తీయాలా, వివరంగా తీయాలా?

రక్తనాళాల ఎంఆర్‌ఐ, అంటే ఎంఆర్ యాంజియో, చీటీ మీద చాలాసార్లు 'బ్రెయిన్ ఎంఆర్‌ఏ' అన్న రెండు ముక్కలే ఉంటాయి. దేని కోసం వెతుకుతున్నారో అందులో ఉండదు. నన్నడిగితే అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ స్కాన్‌లో వేగం, వివరం రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు.

లెక్క చూడండి. బొమ్మలోని ఒక్కో చిన్న గడిని మూడు వైపులా సగానికి తగ్గిస్తే దాన్నుంచి వచ్చే సిగ్నల్ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మళ్లీ మళ్లీ తీసి సగటు కట్టడం ద్వారానే ఆ నష్టాన్ని పూడ్చాలంటే 64 రెట్లు సమయం కావాలి. అంతసేపు కదలకుండా ఎవరు పడుకుంటారు? మెడ స్కాన్‌లో గుటక వేసినా బొమ్మ చెదురుతుంది.

మెదడులో ఏవీఎం, అంటే ధమనులు నేరుగా సిరలతో కలిసిపోయిన రక్తనాళాల చిక్కు, ఉన్న మనిషి సంగతి తీసుకుందాం. ధమనుల రక్తం మామూలుగా కొన్ని సెకన్లకు గానీ సిరల్లో కనిపించదు, ఏవీఎంలో మాత్రం అడ్డదారిన వెంటనే దూకేస్తుంది. తీరిగ్గా తీసిన చక్కటి బొమ్మలో ధమనులూ సిరలూ కలిసి ఒకే చిక్కుముడిలా కనిపిస్తాయి, ఏది రక్తం తెస్తోందో ఏది తీసుకెళ్తోందో తేలదు. ఇక్కడ కాస్త మసకగా ఉన్నా సెకనుకో బొమ్మ కావాలి. 1996లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు తెచ్చిన 'ట్రిక్స్' పద్ధతి కిటుకు ఇదే: డేటాలో నలుపు తెలుపుల తేడాను మోసే మధ్యభాగాన్ని పదేపదే తీసుకుని, అంచుల వివరాన్నిచ్చే భాగాన్ని అప్పుడప్పుడూ తీసుకోవడం.

అదే మూడు మిల్లీమీటర్ల అన్యూరిజం, అంటే రక్తనాళం గోడ మీద వచ్చే చిన్న ఉబ్బు, కోసం వెతుకుతుంటే ఈ తొందర పనికిరాదు.

1999లో సెన్స్, 2007లో కంప్రెస్డ్ సెన్సింగ్ అనే, తక్కువ డేటాతో బొమ్మ కట్టే పద్ధతులు వచ్చి సమయాన్ని బాగా తగ్గించాయి, కానీ ఏదీ ఉచితం కాదు. సెన్స్‌తో వేగం రెట్టింపు చేస్తే సిగ్నల్ నాణ్యత కనీసం 29 శాతం పడిపోతుంది. ఇప్పుడు ఏఐ వంతు. తక్కువ డేటాతోనే నున్నని బొమ్మ ఇస్తుంది, అయితే కొన్ని ఏఐ పద్ధతులు చిన్న చిన్న మార్పులను చెరిపేయగలవని 2020లోనే పరిశోధకులు చూపించారు. బొమ్మ అందంగా ఉందని నమ్మేస్తే చిన్న అన్యూరిజం జారిపోవచ్చు, నాకు అసలు భయం అదే.

రక్తనాళాలు బాగా కనబడటానికి కొన్ని స్కాన్‌లలో ఇచ్చే గాడోలినియం ఇంజెక్షన్ సంగతీ ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు పాతరకం గాడోలినియం మందులతో ఎన్‌ఎస్‌ఎఫ్ అనే తీవ్రమైన జబ్బు రావచ్చని 2006లో బయటపడింది. కొత్త మందులతో ఆ ముప్పు చాలా తక్కువే. అయినా ఉద్దానం నుంచి వచ్చిన డయాలసిస్ పేషెంటుకు, పని జరుగుతుందనుకుంటే, ఇంజెక్షన్ లేకుండా ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ పట్టే స్కానే మేలు. చీటీ మీద కిడ్నీ సంగతి, అనుమానిస్తున్న జబ్బు రాసి ఉంటే టెక్నీషియన్ ఆ టైమ్ ముందే కేటాయించగలడు.