"తింటే తిన్నాడులే, పని చేస్తాడు" అనేవాళ్లతో నా గొడవ

మా కర్నూలులో కార్పొరేటర్ల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ముక్క అంటారు: "తింటే తిన్నాడులే అబ్బా, పిలిస్తే పలుకుతాడు, పని చేస్తాడు." పాతబస్తీలో టీ కొట్టు దగ్గర అంటారు, సి క్యాంపులో రిటైరైన ఉద్యోగులూ అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చేసే పని వేరు, తినే డబ్బు వేరు అనుకుంటున్నారు కాబట్టి అలా అనగలుగుతున్నారు. రెండూ ఒకటే. పని ఆగేలా చేసేదీ ఆయన మనుషులే, మళ్లీ కదిలేలా చేసేదీ ఆయనే.

మా వీధిలో ఒక అక్క ఉంది. భర్త లేడు. రెండున్నర సెంట్ల స్థలంలో ఇల్లు మొదలుపెట్టింది. ప్లాన్‌కు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టింది, అనుమతి వచ్చింది. స్లాబ్‌కు సెంట్రింగ్ కొట్టాక, సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, సరిగ్గా వదల్లేదని ఫిర్యాదు వచ్చిందంటూ పని ఆపించారు. ఆ ఫిర్యాదు పెట్టింది కార్పొరేటర్ వెంట పొద్దస్తమానం తిరిగే కుర్రాడు. ఇది వీధి మొత్తానికీ తెలుసు. రెండు రోజులాగి కార్పొరేటరే ఆమె ఇంటికి వచ్చాడు. "నువ్వేం టెన్షన్ పడొద్దక్కా, నేనున్నా కదా, ఆఫీసులో మాట్లాడతా" అన్నాడు. మాట్లాడాడు కూడా. ఒకవైపు సెంట్రింగ్ అద్దె పెరిగిపోతోంది, ఇంకోవైపు మేస్త్రీ వేరే పనికి పోతానంటున్నాడు. ఆమె కమ్మలు కుదువ పెట్టి వాళ్లడిగింది ఇచ్చింది. మరుసటి రోజే పని మొదలైంది. ఈ రోజుకీ ఆయన పేరెత్తితే "ఆ టైంలో దేవుడిలా వచ్చినాడు" అంటుంది. ఆమె డబ్బు పోయినందుకు నాకు బాధ ఉంది. కానీ దోచుకున్నవాడికే రుణపడి ఉన్నానని ఆమె అనుకుంటోందే, అది ఇంకా ఎక్కువ బాధ. రేపు ఎన్నికలొస్తే ఆ ఇంట్లో ఓట్లన్నీ ఆయనకే.

మన రాష్ట్రంలో 2016 నుంచి ప్లాన్లు ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. మంచి మార్పే, కాదనను. కానీ ఇల్లు కట్టేది వీధిలో. ఇసుక ట్రాక్టర్ వీధిలోకి రావాలి, కంకర రోడ్డు మీద పోయాలి, కుళాయి కనెక్షన్ కావాలి, చివర్లో పన్ను వేయించుకోవాలి. ఇన్నిచోట్ల ఆపడానికి వీలున్నప్పుడు ఒక్క కాగితం ఆన్‌లైన్ అయితే సరిపోదు.

ఇలాంటి నాయకుడు ఒక్కరోజులో తయారు కాడు. మొదట ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఫ్లెక్సీలు కట్టిస్తాడు. తర్వాత వినాయక చవితికి కమిటీ పెడతాడు, రంజాన్‌కు ఇఫ్తార్ ఇస్తాడు, చావులకూ పెళ్లిళ్లకూ ముందుంటాడు. ఇందులో నాకేం అభ్యంతరం లేదు. రాజకీయాల్లోకి వచ్చేవాడు జనంలో తిరగాల్సిందే. తేడా వచ్చేది టికెట్ దగ్గర. టికెట్‌కు ఖర్చు, ఓటుకు ఖర్చు. గెలిస్తే వచ్చే గౌరవ వేతనం నెలకు కొన్ని వేలు. అంత పెట్టినవాడు ఇంత జీతానికి ఎందుకు కొట్లాడుతున్నాడని మనలో ఎంతమంది అడిగాం? ఆయనకు అప్పిచ్చినవాడు చాలాసార్లు కాంట్రాక్టరే. అంటే ప్రమాణ స్వీకారం నాటికే వార్డులో పనులు ఎవరివో తేలిపోయాయన్నమాట.

ఆ పనులు ఎలా జరుగుతాయో చెప్తా. ఒకే రోడ్డును రెండు మూడు ముక్కలుగా విడగొట్టి చిన్న పనులుగా చూపిస్తారు, నామినేషన్ మీద, అంటే టెండర్ లేకుండా, ఇచ్చుకోవడానికి. టెండర్ పిలవక తప్పకపోతే కాంట్రాక్టర్లంతా రింగ్ అవుతారు, అంటే పని ఎవరికో ముందే కూడబలుక్కుంటారు. కాంట్రాక్టరు పేరు ఒకరిది, సైటు మీద నిలబడేది కార్పొరేటర్ బామ్మర్ది. పర్సంటేజీలు కింది నుంచి పైదాకా పోతాయి. ఆ పోయిన డబ్బు ఎక్కడో చోట మిగిల్చుకోవాలి కదా, సిమెంటులో మిగిల్చుకుంటారు. కల్లూరు వైపు మా బంధువుల కాలనీలో వేసిన సీసీ రోడ్డు అంచును నేను చేత్తో లాగి చూశాను. మొదటి వాన కూడా పడలేదు, ముక్క ఊడి చేతికి వచ్చింది, నలిపితే ఇసుకలా రాలింది. క్యూరింగ్‌కు నీళ్లు పెట్టినోడే లేడని అక్కడి ఆడవాళ్లు చెప్పారు. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులో మాత్రం మందం కొలతలు ఎస్టిమేట్‌లో ఉన్నట్టే ఉంటాయి. లేకపోతే బిల్లు పాస్ కాదు.

లేఅవుట్లో పది శాతం స్థలం పార్కు లాంటి వాటికి వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలని రూలుంది. కాలనీల్లో చిన్న పిల్లలు ఆడుకోవాల్సిన ఆ జాగాలో మొదట ఒక రేకుల షెడ్డు వేస్తారు, దానికి ఇంటి పన్ను వేయించుకుంటారు, ఆ రసీదు చూపించి కోర్టుకు పోతారు. పన్ను వేయించిపెట్టే మనిషి ఎవరో మళ్లీ చెప్పాలా?

అసలు మా ఊరి కష్టం ఇంకొకటుంది. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచేశాయి. ఆ మరుసటి ఏడాది మా కార్పొరేషన్ పాలకవర్గం గడువు తీరిపోయింది. మళ్లీ ఎన్నిక 2021 మార్చిలో. 2014లో అనంతపురం, కడపల్లో ఎన్నికలు జరిగాయి, మాకు జరగలేదు. ఐదేళ్లు ముగిసేలోపు ఎన్నిక పెట్టాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్తోంది, అది అమల్లోకి వచ్చింది 1993లో. అయినా పదేళ్లకు పైగా స్పెషల్ ఆఫీసర్ల పాలనే. ఊరు బురదలోంచి లేచి మళ్లీ కట్టుకోవాల్సిన సమయంలో అడగడానికి మనిషి లేడు. మరి మాజీ కార్పొరేటర్లు ఇంట్లో కూర్చున్నారా? లేదు. అవే వీధుల్లో, అవే పనులు చేయిస్తూ తిరిగారు. ముందు కనీసం కౌన్సిల్ మీటింగ్‌లో ఎదుటి పార్టీవాడు లేచి నిలదీసే అవకాశం ఉండేది. అది కూడా పోయింది. పదవి లేకుండా సంపాదించడం అలవాటైన మనుషులు 2021లో పదవితో తిరిగొచ్చారు. అందరూ అని అనను. నిజాయితీగా ఉన్నవాళ్లు కొందరు నాకు తెలుసు, కానీ వాళ్లకు రెండోసారి టికెట్ దొరకడమే కష్టం.

అధికారం మారినప్పుడు చూడండి. నిన్నటిదాకా తిట్టిన పార్టీ కండువా వేసుకుని "వార్డు అభివృద్ధి కోసం చేరుతున్నా" అంటాడు. ఆయన మీద ఫిర్యాదులుంటే ఆ ఫైళ్లు చల్లబడతాయి. కేసు ఉన్నంత మాత్రాన పోటీ చేయకుండా చట్టం ఆపదు, శిక్ష పడాలి. శిక్ష పడేలోపు ఆయన రెండు ఎన్నికలు చూస్తాడు, కొడుకును కూడా దించుతాడు.

2025 మేలో కడప మేయర్‌ను ప్రభుత్వం పదవి నుంచి తొలగించింది. కుటుంబ సభ్యుల సంస్థకు కార్పొరేషన్ పనులు వెళ్లాయన్నది అభియోగం. ఆయన అది ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్లారు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది, నేను తీర్పు చెప్పను. కానీ మా దగ్గర దాని గురించి మాట్లాడినవాళ్లంతా ఆయన ఏ పార్టీ, తీసేసింది ఏ పార్టీ అన్నదగ్గరే ఆగిపోయారు. పదవిలో ఉన్నవాడు తన ఇంటివాళ్లకు పనులు ఇప్పించుకోకూడదన్న నిబంధన ఒక్క కడపకు రాసింది కాదు. కర్నూలు, అనంతపురంలోనూ అదే చట్టం. అధికార పార్టీలో ఉన్నవాళ్ల మీద కూడా అదే పట్టుదలతో లెక్క తీస్తారా? ఏ పార్టీ అధికారంలో ఉన్నా నా ప్రశ్న ఇదే.

"మరి నువ్వేం చేస్తావ్, కంప్లైంట్ ఇస్తే ఇల్లు ఆగిపోతుంది" అంటారు. ఆ భయం నిజమే, దాన్ని తక్కువ చేయను. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇచ్చినవాడిదీ నేరమే. కానీ బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోపు చెప్పుకుంటే ఇచ్చినవాడికి రక్షణ ఉంది. ఈ ఏడు రోజుల సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు. కార్పొరేటర్ కూడా చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంటే, ఆయన మీద కూడా ఏసీబీకి 1064లో చెప్పొచ్చు. ఇదీ తెలియదు. అక్కకు ముందే తెలిసి ఉంటే కమ్మలు కుదువ పెట్టేదా?

2021లో గెలిచినవాళ్ల ఐదేళ్లు 2026 మార్చితో సరి. మళ్లీ ఏళ్లకేళ్లు ఎన్నికలు లేకుండా గడిపితే ఊరుకోవద్దు. ఓట్లకు వస్తే, ఏ పార్టీవాడైనా సరే, మా వీధిలో వేసిన రోడ్డు దగ్గరికి రమ్మని పిలుద్దాం. ఎస్టిమేట్, ఎం-బుక్ నకళ్లు సమాచార హక్కు కింద ముందే తీసుకుని చేతిలో పెట్టుకుందాం. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. నేను మా వార్డుకు దరఖాస్తు రాస్తున్నాను. మీ వార్డుకు రాయాలనుకునేవాళ్లు కామెంట్లో వార్డు నంబరు పెట్టండి, నమూనా పంపిస్తా.