మూడు కొబ్బరితోటల రేడియోకి మూడేళ్ల జైలా?

ధనుర్మాసంలో మా కోనసీమ ఊరి గుడి మైకు తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. అయినా ఎవరూ కంప్లయింట్ ఇవ్వరు. అందులో భక్తి కొంత, మొహమాటం ఎక్కువ.

ఆ మైకు సెట్టు అద్దెకిచ్చేది మా బావే. సోల్డరింగ్ చెయ్యి తిరిగినవాడు. సంక్రాంతి సెలవుల్లో ఊరికే కూర్చోలేక ఓ చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్ చేశాడు. బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి, పెన్ను రీఫిల్ మీద ఐదారు చుట్లు చుట్టిన రాగి తీగ, స్టేషన్ సరిచేసుకునే ట్రిమ్మర్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, యాంటెన్నాకి జానెడు తీగ ముక్క. అంతే సరంజామా. దాన్ని వీధరుగు మీద పెట్టి ఫోన్లోంచి పాట వదిలాడు. నేను చేతి రేడియో పట్టుకుని బోదె గట్టు వెంట నడిచాను. మొదటి కొబ్బరితోటలో పాట శుభ్రంగా వినిపించింది. రెండో తోటలో గరగర మొదలైంది. మూడో తోట దాటేసరికి ఉత్త హోరు. వెనక్కి వస్తూ అంగలు లెక్కపెడితే రెండు వందల చిల్లర తేలాయి.

ఇది చట్టం ఒప్పుకోని పని అని చెప్పగానే బావకి కోపం వచ్చింది. "ఊరంతటినీ నిద్రలేపే మైకుని అడిగే నాథుడు లేడు. రేడియో పెట్టుకున్నోడికి తప్ప వినపడని దీనికి జైలంటావేంటి బావా?" అన్నాడు. ఆ సాయంత్రమే బోర్డు విప్పేశాడు కానీ ప్రశ్న మాత్రం నాకు మిగిలిపోయింది.

బావ కోపంలో సగం న్యాయం ఉంది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మీటర్ దగ్గర ఉంచుకోవడమే నేరం. వాడక్కర్లేదు, బీరువాలో ఉన్నా చాలు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బ్రిటిష్ వాడి భయం అర్థం చేసుకోదగిందే. స్వతంత్రం వచ్చాక కూడా దాన్ని డెబ్బై ఐదేళ్లకు పైగా మోశాం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఇందులో ఒక మెలిక విప్పింది. అనుమతి లేని రేడియో పరికరం దగ్గరుంటే మొదటిసారి 50,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 2 లక్షల దాకా జరిమానా, జైలు లేదు. అనుమతి లేకుండా నెట్‌వర్క్ నడిపితే మాత్రం మూడేళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఉంచుకోవడం వేరు, నడపడం వేరు అని ఇన్నాళ్లకి ఒప్పుకున్నారన్నమాట. కానీ ఎంత దూరం వినపడుతుంది అన్న ప్రశ్న మాత్రం ఈ చట్టమూ వెయ్యలేదు. మూడు తోటల ట్రాన్స్‌మీటరూ, మూడు మండలాల ట్రాన్స్‌మీటరూ దాని ముందు ఒకటే.

ఇది కేంద్రం పరిధిలోని విషయం. ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగుపెడితే మందు రేటు మారుతుంది కానీ రేడియో చట్టం మారదు.

మరి సర్కారుకి చిన్న పరికరాన్ని వదిలేయడం చేతకాదా అంటే, బాగానే చేతనవును. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండే సిటిజన్ బ్యాండులో 5 వాట్ల దాకా శక్తి ఉన్న సెట్లకి, యాంటెన్నా సెట్టులోనే ఉంటే, లైసెన్సు అక్కర్లేదని 2005లోనే రాసిచ్చారు. మన ఇంట్లో వైఫై నడిచేది కూడా అలాంటి మినహాయింపు మీదే. ఈ మినహాయింపులు ఆమోదం పొందిన పరికరాలకే గానీ, అరుగు మీద సోల్డర్ చేసినవాటికి కాదు.

బయటి దేశాల వాళ్లు గీత ఎలా గీశారో చూస్తే మన లోటు తెలుస్తుంది. అమెరికాలో ఎఫ్ఎం బ్యాండులో లైసెన్సు లేకుండా ప్రసారం చేయొచ్చు. కానీ యాంటెన్నాకి 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 250 మైక్రోవోల్టులు దాటకూడదు. అంటే సుమారు 200 అడుగులు, 60 మీటర్ల దాకా వినపడుతుంది. బ్రిటన్ 2006 చివర్లో కారుల్లో, ఇళ్లల్లో వాడే చిన్న ట్రాన్స్‌మీటర్లని అనుమతిస్తూ 50 నానోవాట్ల పరిమితి పెట్టింది. నానోవాటు అంటే వాటులో వంద కోట్లో వంతు. న్యూజిలాండ్ ధైర్యం వేరు. బ్యాండు కింది అంచున, పై అంచున కొంత జాగా వదిలి, అక్కడ 1 వాటు దాకా ఎవరైనా పెట్టుకోమంది.

ఇక బావ సంగతి. అతని బోర్డు 10 మిల్లీవాట్లు అనుకుందాం. అది కోటి నానోవాట్లు. బ్రిటన్ గీతకి రెండు లక్షల రెట్లు. జానెడు తీగలోంచి అందులో చాలా భాగం బయటికే పోదు, నిజమే. కానీ రెండు వందల చిల్లర అంగల నడకంటే 150 మీటర్ల పైమాటే. అమెరికాలో పెట్టినా బావది తప్పే. ఆ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు.

అందుకే నాకు వాట్ల లెక్క మీద నమ్మకం తక్కువ. ముఖ్యంగా మన డెల్టాలో. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది. కొండ అడ్డొస్తే ఆగుతుంది. ఇక్కడ కొండేదీ? ధవళేశ్వరం దిగిన దగ్గర్నుంచి సముద్రం దాకా బల్లపరుపు నేల. అదే బోర్డుని 10 మీటర్ల వెదురు గెడ ఎక్కిస్తే, లెక్క ప్రకారం ఆ చూపు 13 కిలోమీటర్లకి ఆనుతుంది. కొబ్బరాకులు కొంత మింగేస్తాయి గానీ, వరి చేల మీదుగా పోయేదాన్ని ఆపేదేముంది? బీహార్‌లో వైశాలి జిల్లా కూడా ఇలాంటి చదును నేలే. అక్కడ రేడియో రిపేరు షాపు నడిపే రాఘవ్ మహతో కొద్ది ఖర్చుతో చేసుకున్న ట్రాన్స్‌మీటర్‌కి వెదురు గెడతో యాంటెన్నా లేపి చుట్టుపక్కల ఊళ్లకి పాటలు, కబుర్లు వినిపించాడు. 2006లో అధికారులు మూయించారు. అతని పరికరం చిన్నదే, పెద్దదైంది గెడ. గీత గీయాల్సింది దూరానికి, ఎత్తుకి.

మూసేయడానికి కారణం ఉత్త అధికార దర్పం కాదు. బావ బోర్డు దగ్గర చెయ్యి పెడితే రేడియోలో స్టేషన్ పక్కకి జరిగిపోయింది. ఎండ తగిలినా జరుగుతుంది. ఎఫ్ఎం బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, ఆ గట్టు దాటగానే విమానాలకి దారి చూపే సిగ్నళ్లు, 118 నుంచి పైలట్ల మాటలు. తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ శుభ్రంగా లేకపోతే పక్కింటి రేడియోలోనే కాదు, గట్టు అవతల కూడా గోల చేయగలదు. రాజమండ్రికి మధురపూడి విమానాశ్రయం ఎంత దూరం? అందుకని ఇంట్లో సోల్డర్ చేసినదాన్ని వదిలేయమని నేను అడగను.

మరి సక్రమంగా అడిగేవాళ్లకి దారి ఉందా? ఉంది, కానీ ఇరుకు. 1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. అయితే వాక్ స్వాతంత్ర్యంలో సొంత స్టేషన్ పెట్టుకునే హక్కు కలిసిలేదని కూడా ఆయన రాశారు. రేడియో ప్రియులు మొదటి మాట చెప్పి రెండోది దాటేస్తారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో 'మన రేడియో' పెట్టుకుంటే కొద్ది నెలల్లోనే ఆపించారు. జహీరాబాద్ దగ్గర మాచనూరు మహిళల సంఘం రేడియో ఏళ్ల తరబడి ఎదురుచూసి 2008లో ప్రసారం మొదలుపెట్టింది. 2006 విధానంలో 100 వాట్ల దాకా కమ్యూనిటీ రేడియో ఇస్తామన్నారు గానీ, స్వచ్ఛంద సంస్థ అయితే మూడేళ్ల కిందటే రిజిస్టరై ఉండాలి, వ్యక్తులకి ఇవ్వరు, సొంత వార్తలు చెప్పకూడదు. గోదారి లంకలో పదిమంది పిల్లలకి పాఠం చదివి వినిపించాలనుకునే మేష్టారికి ఈ తలుపు అందదు.

ఇలాంటి చోట వరదల పేరెత్తి రెండు కన్నీటి బొట్లు రాల్చడం మనకి అలవాటు. నాకు ఇష్టం లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం మూడో హెచ్చరిక స్థాయి 17 లక్షల క్యూసెక్కులు దాటి చాలా పైకి వెళ్లినప్పుడు, మూడు తోటల రేడియో ఎవరినీ కాపాడేది కాదు. ట్రాక్టరు మీద మైకే నయం. ఎఫ్ఎం వినే సౌకర్యం ఫోన్లలో ఆపేయొద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకి సలహా ఇచ్చింది. వరద రోజుల్లో పనికొచ్చేది అది.

ఎదుటివాళ్ల వాదనలో బలమైనది ఇంకొకటి ఉంది. 2022 మే నెలలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురం తగలబడ్డాక, కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటి వేళ వెదురు గెడ మీద అడ్రస్ లేని రేడియో ఒకటి మాట్లాడుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకూ టెన్షనే. కానీ ఆ భయం 13 కిలోమీటర్ల రేడియోది. వీధి చివర ఆగిపోయే గొంతు ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. బ్యాండు కింది అంచున కాస్త జాగా, ఫ్రీక్వెన్సీ జరగని ఫ్యాక్టరీ సెట్లకి మాత్రమే, సిగ్నల్ బలంతో కొలిచిన 60 మీటర్ల హద్దు. ఎవరి రేడియోకి అడ్డొచ్చినా వెంటనే ఆపేయాలి, అమెరికాలోనూ ఇదే షరతు. ఆపైన బడికో గ్రంథాలయానికో పేరు నమోదుతో 1 వాటు, యాంటెన్నా ఎత్తుకి కూడా పరిమితి పెట్టి.

ఇది చదివి వినిపిస్తే బావ పెదవి విరిచాడు. "60 మీటర్లా? మా వీధి మలుపు కూడా తిరగదు కదా!"

"అందుకే కదా బావా, ఇమ్మని అడుగుతున్నది."