నడక మాఫీ పథకం

మనిషి ఒంటరిగా బద్ధకిస్తే అది సోమరితనం. అదే పని నలుగురు కలిసి, ఒకరినొకరు ఓదార్చుకుంటూ చేస్తే దాన్ని స్నేహం అంటారు. ఈ తేడా తెలియకనే చాలామంది ఒంటరిగా వ్యాయామం మొదలుపెట్టి, ఒంటరిగా మానేసి, ఒంటరిగా సిగ్గుపడుతున్నారు. వాళ్ల మీద జాలితో, మా అనుభవం పదిమందికీ పనికొస్తుందనే సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మేం నలుగురం. కాలేజీలో ఒకే బెంచీ మీద పట్టేవాళ్లం. ఇప్పుడు పట్టం. ఈ సంగతి ఒక పాత ఫొటో చూస్తుండగా బయటపడింది. వెంటనే ఆరోగ్య సంఘం ఏర్పాటైంది. మొదటి సమావేశంలోనే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, సలహాదారు పదవులు పంచేసుకున్నాం. మామూలు సభ్యుడి స్థానం ఒకటి మిగిలింది గానీ ఎవరూ ముందుకు రాలేదు. కార్యదర్శి తన ఫోన్‌లో మినిట్స్ రాస్తాడు. కోశాధికారి దగ్గర బరువు చూసుకునే మిషను ఉంటుంది. అదే మా ఖజానా. నిల్వ ఎన్నడూ తగ్గలేదు. సలహాదారుణ్ణి నేను.

పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మేం రోజుకో గంట చొప్పున ఆరు రోజులు, అంటే 360 నిమిషాలని తీర్మానించాం. ప్రపంచ సంస్థ కంటే ఒక గంట పైన ఉండకపోతే ఇక మనం సంఘం పెట్టి ఏం లాభం? మొదటి వారంలో ఆ నడక గురించి ఫోన్లలో మాట్లాడుకున్నదే 150 నిమిషాలు దాటిందని మినిట్స్‌లో ఉంది.

నాలుగు రోజులు నడిచాం కూడా. ఆరంభశూరత్వం అన్నారు ఇంట్లోవాళ్లు. శూరత్వం శూరత్వమే కదా, ఆరంభంలో ఉంటేనేం? ఐదో రోజు నుంచి అసలు వ్యవస్థ పనిచేయడం మొదలైంది.

అదెలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. 5 గంటలకు అలారం మోగుతుంది. నలుగురం నాలుగిళ్లలో కళ్లు తెరుస్తాం. మంచం మాత్రం దిగం. ఫోను చేతిలో పట్టుకుని చూస్తూ పడుకుంటాం. ఎవడో ఒకడు ‘ఈ రోజు రాలేనురా’ అని పెట్టాలి. కానీ మొదట పెట్టినవాడికే పాపం చుట్టుకుంటుంది. ఆ తర్వాత మిగతా ముగ్గురూ పుణ్యాత్ములు. ‘అయ్యో, నేను బూట్లు కూడా వేసేసుకున్నాను. సరేలే, ఆరోగ్యం ముఖ్యం, పడుకో’ అని హాయిగా పెట్టొచ్చు. బూట్లు వేసుకున్నవాడి కాళ్లు ఆ సమయంలో దుప్పట్లో ఉంటాయి. అందుకే 5 నుంచి 5:20 దాకా మా మధ్య నడిచే పోరు చాలా సున్నితమైనది. ఒకడు ‘గుడ్ మార్నింగ్’ అంటాడు. అది పలకరింపు కాదు, ఎర. ‘లేచారా?’ అంటాడు ఇంకొకడు. ‘లేచాను. నువ్వు?’ ‘లేచాను. గొంతే కొంచెం...’ అని ఆ చుక్కల దగ్గర ఆగుతాడు. మిగతావాళ్లం ఊపిరి బిగబట్టి చూస్తాం. చుక్కల తర్వాత ఏమీ రాదు. దొంగ వెధవ, మనచేత ‘పోనీ మానేద్దామా’ అనిపించాలని చూస్తున్నాడు. చివరికి 5:19కి ఎవడో ఒకడి నిగ్రహం తెగుతుంది. ఆ త్యాగమూర్తికి అర నిమిషంలో మూడు మాఫీలు మంజూరవుతాయి. నడకలో కంటే ఆ ఇరవై నిమిషాల్లోనే గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది కాబట్టి, మేం వ్యాయామం చేయలేదనడం అన్యాయం.

వాన పడిన రోజు మాఫీ దానంతట అదే వర్తిస్తుంది. ఎవరికీ పాపం అంటదు. అలాంటి తెల్లవారుజాముల్లో మా మధ్య ప్రేమ పొంగిపొర్లుతుంది.

దీనికి శాస్త్రం లేదనుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించి, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క కట్టింది. 254 అన్న అంకె చూడగానే కార్యదర్శి ముఖంలో ప్రశాంతత వచ్చింది. ఇంకా చాలా టైముంది. పైగా అందులోనే మా పాలిట వరం లాంటి మాట ఒకటి దొరికింది: మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్ద నష్టమేమీ లేదట. దాన్ని రోజూ ఉదయం చదువుకున్నాం. ఏ రోజుకారోజు చూసుకుంటే అది ఒక్క రోజే కదా.

నలుగురితో నారాయణ అనేదానికి కూడా లెక్కలున్నాయి. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి చూశాడు. ఆయన లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడు లాగే బలం వంద అనుకుంటే, ఇద్దరైనప్పుడు తలా 93, నలుగురైతే తలా 77, ఎనిమిది మందైతే తలా 49. పక్కవాడు లాగుతున్నాడులే అన్న భరోసా కొంత, అందరూ ఒకేసారి లాగడం కుదరకపోవడం కొంత. మా నలుగురి మీద ఈ 77 లెక్క వర్తించదు. మేం అసలు తాడు దగ్గరికే వెళ్లలేదు.

ఇంకొక ప్రయోగం 2008లో అచ్చయింది. కొండ కింద ఒంటరిగా నిలబడ్డవాడి కంటే, స్నేహితుడితో నిలబడ్డవాడికి ఆ కొండ తక్కువ ఏటవాలుగా కనిపిస్తుందట. గమనించాలి, ఎక్కినవాళ్లకు కాదు, కింద నిలబడి అంచనా వేసినవాళ్లకు. మేం కూడా ఒక ఆదివారం వెళ్లి కొండ కింద నలుగురం వరసగా నిలబడ్డాం. నిజమే, చాలా చిన్నదిగా కనిపించింది. ఇంత చిన్న కొండ ఎక్కితే మాత్రం ఏం గొప్ప అని వెనక్కి వచ్చేశాం.

అడుగుల లెక్క దగ్గర కొంచెం రాజకీయం నడిచింది. రోజుకు 10,000 అడుగులు అని అందరూ అంటారు కదా. 1965లో జపాన్‌లో యమాసా అనే గడియారాల కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మింది. దాని పేరే ‘మాన్‌పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరు పుణ్యాన అంకె ఊరూరా పాకింది. తర్వాత 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల మీద జరిగిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువని, సుమారు 7,500 దాటాక ఆ లాభం ఇక పెరగలేదని తేలింది. వార్త అందిన రోజే సంఘం అత్యవసరంగా సమావేశమై 10,000ను 7,500 చేసింది. వారం తిరక్కుండా అది 4,400 అయింది. మేం డెబ్భై రెండేళ్ల మహిళలం కాదు కదా అని కోశాధికారి అభ్యంతరం చెప్పాడు. మెజారిటీ ఒప్పుకోలేదు. ఆ 4,400 కూడా కార్యదర్శి తన ఫోన్‌ను కూతురి చేతికిచ్చి ఆడుకోమని పూర్తి చేసేవాడు. ఒక రోజు ఆ పాప స్నేహితురాళ్లు కూడా వచ్చారు. ఆ రోజు మా కార్యదర్శి 14,000 అడుగులు వేశాడు, కుర్చీలోంచి లేవకుండా.

ఇలా సజావుగా సాగుతుండగా ద్రోహం బయటపడింది. కోశాధికారి ప్యాంటు జారుతోంది. బెల్టుకు కొత్త చిల్లు పొడిచి ఉంది. మిషను ఎక్కించాం. నాలుగు కిలోలు తగ్గాడు.

‘‘ఎప్పట్నుంచిరా?’’ అన్నాడు అధ్యక్షుడు.

‘‘రెండు నెలల నుంచి.’’

‘‘మరి రోజూ 5:19కి గొంతు నొప్పని పెట్టేది నువ్వే కదా?’’

‘‘మీరు మాఫీ ఇచ్చి పడుకున్నాక వెళ్లేవాణ్ణి. లేకపోతే మీతో పాటు మలుపు దగ్గర నిలబడి ఏ రోడ్డున వెళ్లాలో తేల్చేసరికే తెల్లారిపోతుంది.’’

పైగా సాక్ష్యం కూడా తెచ్చుకున్నాడు. క్రిస్టాకిస్, ఫౌలర్ అనే ఇద్దరు పరిశోధకులు 12,067 మందికి సంబంధించిన 32 ఏళ్ల వివరాలు పరిశీలించి 2007లో ప్రకటించారట. స్నేహితుడికి ఊబకాయం వస్తే మనకూ వచ్చే అవకాశం 57 శాతం ఎక్కువట. ఇద్దరూ ఒకరినొకరు స్నేహితులని చెప్పుకునే జంటల్లోనైతే 171 శాతమట. ‘‘ఈ లెక్కన మీరు ముగ్గురూ నాకు అంటురోగంరా. నన్ను నేను కాపాడుకోవద్దా?’’ అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు అని మేం అనుకుంటుంటే, వీడు తన పిడికెడు మా దోసిట్లో పోస్తున్నాడు. వాదోపవాదాల తర్వాత తీర్పు వచ్చింది. తగ్గిన నాలుగు కిలోలనూ సంఘం ఉమ్మడి ఆస్తిగా ప్రకటించి, తలా ఒక కిలో పంచుకున్నాం. ఆ నెల నలుగురమూ బరువు తగ్గినట్టే.

ఇన్ని ఒడుదొడుకులు తట్టుకున్న సంఘాన్ని చివరికి అధ్యక్షుడి ఉద్యోగం దెబ్బతీసింది. అది పోయింది. నెల రోజులు మాకు చెప్పలేదు. ఎప్పటిలాగే మాఫీలు మంజూరు చేస్తూ వచ్చాడు. ఒక రోజు తెల్లవారుజామున 4:10కి మెసేజ్ పెట్టాడు: ‘ఉద్యోగం లేదురా నాకు. నిద్ర పట్టట్లేదు. ఎవరైనా మెలకువగా ఉంటే ఊరికే నడుద్దామా?’

రాలేను అని కాదు, రండి అని. ఇలాంటి మెసేజ్‌కు ఏమని జవాబివ్వాలో మా నిబంధనల్లో లేదు. ఇరవై నిమిషాల్లో నలుగురం మలుపు దగ్గర ఉన్నాం. కార్యదర్శి చెప్పులతో వచ్చాడు. రోజూ బూట్లు వేసేసుకున్నానని పెట్టేది వాడే. వాడికి బూట్లే లేవని అప్పుడు తెలిసింది.

మొదటి రోజు అధ్యక్షుడు ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. కోశాధికారి తన మోకాలి నొప్పి గురించి అరగంట చెప్పాడు. వాడి మోకాలికి ఏమీ కాలేదు, నాకు తెలుసు. రెండో రోజు అధ్యక్షుడు ఇంటి లోను సంగతి ఎత్తాడు. మూడో రోజు, ఇంట్లో ఇంకా చెప్పలేదని, రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లి సాయంత్రం దాకా ఎక్కడెక్కడో కూర్చుని వస్తున్నానని చెప్పాడు. ఆ మాట తర్వాత రెండు వీధుల దూరం ఎవరం నోరు విప్పలేదు. సలహాదారు పదవిలో ఉండి నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేకపోయాను. ఇందుకు నన్ను తొలగించినా అడగను. నాలుగో రోజు సాయంత్రం వాడు ఇంట్లో చెప్పాడు. ఐదో రోజు మాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు.

అలా ఏడు వారాలు. వాన పడ్డ రోజు కూడా మాఫీ ఎవరికీ గుర్తు రాలేదు. ఒక రేకుల షెడ్డు కింద నలుగురం ఇరుక్కుని నిలబడి, తగ్గాక మళ్లీ నడిచాం. అడుగులు ఎవరూ లెక్కపెట్టలేదు. ఖజానాలో బ్యాటరీ అయిపోతే ఎవరూ పట్టించుకోలేదు. సంఘం పాలన పూర్తిగా కుప్పకూలిందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? 1920లలో జర్మనీలో ఒట్టో కోలర్ అనే ఆయన, ఇద్దరు కలిసి బరువు ఎత్తుతున్నప్పుడు ఒకడు వదిలేస్తే పనే ఆగిపోయేలా ఉంటే, ఇద్దరిలో బలహీనుడు తన శక్తికి మించి పట్టుకుంటాడని గమనించాడట. ఇది ముందే తెలిసి ఉంటే జాగ్రత్త పడేవాళ్లం. అయితే మా నలుగురిలో ఆ బలహీనుడెవరో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఎనిమిదో వారంలో అధ్యక్షుడికి ఉద్యోగం దొరికింది. జీతం మునుపటి కంటే తక్కువే. చేరాల్సిన రోజు ఉదయం సరిగ్గా 5:19కి మెసేజ్ వచ్చింది: ‘ఈ రోజు రాలేనురా, నిద్ర బాగా పడుతోంది.’ అర నిమిషంలో మూడు మాఫీలు. ‘బూట్లు వేసేసుకున్నాను, సరేలే, పడుకో’ అని కార్యదర్శి. అదే భాష, అదే వేగం. సంఘం తిరిగి గాడిన పడినందుకు నాకు కళ్లు చెమర్చాయి.

నేను నిజంగానే బూట్లు వేసుకుని ఉన్నాను. విప్పడానికి బద్ధకమేసి బయటికి వచ్చాను. మలుపు దగ్గర కోశాధికారి ఎలాగూ ఉన్నాడు, వాడు పాత నేరస్థుడు. పక్కన కార్యదర్శి, కాళ్లకు కొత్త బూట్లు. నన్ను చూసి, మెసేజ్ చూసుకోలేదురా అన్నాడు, ఫోను చేతిలోనే పట్టుకుని. సరేలే అని ముగ్గురం బయల్దేరాం. ‘నడక రద్దు, మాఫీ మంజూరు’ అని ఆ రోజు మినిట్స్‌ను కార్యదర్శి నడుస్తూనే టైప్ చేశాడు.