క్లియరెన్స్ ఇవ్వకపోతే కారణం చెప్పాలా?

(వాదించుకునేది ఇద్దరు. బాబాయ్ అమెరికాలో రక్షణ శాఖ కాంట్రాక్టుల మీద పాతికేళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఇంజనీరు. టాప్ సీక్రెట్ క్లియరెన్స్‌తో, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు ఇచ్చే అనుమతితో, పనిచేసినవాడు. అమ్మాయి ఆయన అన్న కూతురు, అక్కడే లాయరు. క్లియరెన్స్ పోగొట్టుకున్న ఉద్యోగుల కేసులు చూస్తుంది. ప్రభుత్వ రహస్యాలు ఎవరు చూడొచ్చో తేల్చేవాళ్లను ఇంకెవరైనా నిలదీయొచ్చా అన్నది వీళ్ల తగువు. నా మొగ్గు అమ్మాయి వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయినా బాబాయ్ మాటలు తీసిపారేసేవి కావు.)

బాబాయ్: ముందు ఒక సంగతి ఒప్పుకో తల్లీ. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదు. 1988లో నేవీ వర్సెస్ ఈగన్ కేసులో సుప్రీంకోర్టే ఆ మాట అంది. పొరపాటు జరగక తప్పదంటే అది ఇవ్వకపోవడం వైపే జరగాలని కూడా అంది. నాకది సబబుగానే ఉంది. ఇవ్వకపోతే ఒకడి ఉద్యోగం పోతుంది. ఇవ్వకూడనివాడికి ఇస్తే ప్రాణాలే పోతాయి.

అమ్మాయి: హక్కు కాదు, ఒప్పుకున్నాను. నేనడిగేది వేరు బాబాయ్. వద్దన్నప్పుడు ఎందుకు వద్దన్నారో చెప్పాలి కదా! విలియం గ్రీన్ అనే ఇంజనీరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. నేవీకి పరికరాలు తయారుచేసే కంపెనీలో జనరల్ మేనేజరు, ఏడాదికి 18,000 డాలర్ల జీతం. 1953లో క్లియరెన్స్ పీకేశారు. విడాకులిచ్చిన భార్య కమ్యూనిస్టులతో తిరిగేదన్నది ముఖ్యమైన అభియోగం. ఆయన మీద చెప్పినవాళ్లెవరో ఆయనకు చెప్పలేదు, ఎదురుగా అడిగే అవకాశమూ ఇవ్వలేదు. చివరికి దొరికింది డ్రాఫ్ట్స్‌మన్ పని, 4,400 డాలర్లకి.

బాబాయ్: ఆ కథ సగంలో ఆపేశావు. 1959లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కొత్త ఉత్తర్వు తెచ్చాడు. 1995లో క్లింటన్ ఉత్తర్వుతో ఇంకా మెరుగైంది. ఇప్పుడు కారణం రాసిస్తారు. లాయర్ని పెట్టుకోవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. నీ ప్రాక్టీసు నడిచేదే దాని మీద కదమ్మా!

అమ్మాయి: నడుస్తోంది. కానీ ఆ కారణాలైనా దేశ భద్రతకు ఇబ్బంది లేనంత వరకే చెబుతారని అదే ఉత్తర్వులో ఉంది. ఎంతవరకో తేల్చేది ఎవరు? కాదన్న శాఖే. పైకి కోర్టుకు పోదామంటే, మీరు మెచ్చుకున్న ఈగన్ తీర్పే అడ్డం. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది మేం చూడం అంటారు జడ్జీలు.

బాబాయ్: చూడకూడదు కూడా. మనిషిని అంచనా వెయ్యడం కోర్టు పని కాదు. క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారం నువ్వు లాయరుగా చూశావు, నేను దాన్ని నింపాను. వంద పేజీలు దాటుతుంది. ఎక్కడెక్కడ ఉన్నావు, అక్కడ నిన్నెరిగినవాళ్లెవరు, అప్పులేమైనా ఎగ్గొట్టావా, విదేశాల్లో ఎవరున్నారు, ఆస్తులేమిటి... మొదటిసారి నింపినప్పుడు నాకెంత టెన్షనో! ఇండియాలో ఉన్న అమ్మ, నాన్న, అక్క, అందరి పేర్లూ రాశాను. అమ్మతో కలిపి ఉన్న బ్యాంకు ఖాతా రాయాలా వద్దా అని రాత్రంతా నిద్రపోలేదు. రాశాను. తర్వాత ఒకాయన వచ్చి ఆ ఖాతా గురించే గంటసేపు అడిగాడు. నేను మంచివాణ్ణా చెడ్డవాణ్ణా అన్నది ఆయనకు పట్టలేదు. నన్ను ఎవరు ఎక్కడ పట్టుకుని వంచగలరు అన్నదే ఆయన వెతుకులాట. అది అవమానం కాదు. ఆ మాత్రం అడక్కుండా రహస్యాలు చేతిలో పెడితే నాకే భయమేసేది.

అమ్మాయి: మీరు నమ్మి రాసిచ్చిన ఆ ఫారాలు ఏమయ్యాయి బాబాయ్? 2015లో బయటపడిన హ్యాకింగ్‌లో 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు పోయాయి. అందులో ఎక్కువమంది ఇలా నేపథ్య పరిశీలనకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే. 56 లక్షల మంది వేలిముద్రలు కూడా పోయాయి.

బాబాయ్: నాదీ పోయింది. ఉత్తరం వచ్చింది.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

బాబాయ్: అయితే మాత్రం? తాళం పగలగొట్టారని తలుపే వద్దంటామా? ఆల్డ్రిచ్ ఏమ్స్‌ని గుర్తుచేసుకో. సీఐఏలో కూర్చుని, అమెరికాకు రహస్యంగా పనిచేస్తున్నవాళ్ల పేర్లు 1985 నుంచి సోవియట్లకు అమ్మాడు. కనీసం పదిమందిని వాళ్లు కాల్చి చంపారు. ఆ పదిమందికి ఏ కోర్టులో అప్పీలుంది?

అమ్మాయి: ఆ పదిమందినీ నేనూ మర్చిపోను. కానీ ఏమ్స్‌కి క్లియరెన్స్ ఉంది కదా! 1986లోనూ 1991లోనూ లై డిటెక్టర్ పరీక్ష పాసయ్యాడు. 5,40,000 డాలర్లు నగదు ఇచ్చి ఇల్లు కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చాడు. 1994లో గానీ పట్టుకోలేదు. మీ అమ్మగారి ఖాతా మీద గంటసేపు అడిగిన వ్యవస్థే ఆ ఇంటి గురించి ఏళ్ల తరబడి గట్టిగా అడగలేదు. మొన్న 2023లో మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో జాక్ టెషేరాదీ అంతే. ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు, రహస్య పత్రాలు ఆన్‌లైన్‌లో బయటపెట్టాడు. అంతకు ముందే రహస్య పత్రాలు చూసి నోట్స్ రాసుకుంటున్నాడని పైవాళ్లకు తెలుసు, మందలించారు కూడా. అయినా అతని లాగిన్ తియ్యలేదు.

బాబాయ్: కాబట్టి ఇంకా గట్టిగా చూడాలి, ఏళ్లకొకసారి కాదు, నిత్యం చూడాలి. ఇప్పుడు చేస్తున్నది అదే. నీ వాదన నా వైపే వచ్చింది తల్లీ.

అమ్మాయి: సగం వచ్చింది. 2019 లెక్కల్లో క్లియరెన్స్ ఉన్నవాళ్లు 40 లక్షలు దాటారు. అంతమందిని నిత్యం చూడ్డం అయ్యేపనా? 1971లో వియత్నాం యుద్ధం మీద రహస్య పత్రాలు పత్రికలకెక్కిన పెంటగాన్ పేపర్ల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ స్టీవర్ట్ అన్నాడే, అన్నీ రహస్యమైతే ఏదీ రహస్యం కాకుండా పోతుందని. ముందు కాగితాల మీద ‘రహస్యం’ అని ముద్ర వెయ్యడం తగ్గించాలి.

బాబాయ్: అది నేనూ ఒప్పుకుంటాను. క్యాంటీన్ టైమింగులు తప్ప అన్నిటి మీదా ముద్ర వేసేవాళ్లని చూశాను. ముద్ర వేసినందుకు ఎవరినీ తిట్టరు, వెయ్యనందుకు తిడతారు. అందుకని వేసేస్తారు.

అమ్మాయి: తిట్లకు భయపడి వేసేది ఒకటి, పరువు కోసం వేసేది ఇంకొకటి. తప్పుల్ని కప్పిపుచ్చుకోడానికి ముద్ర వెయ్యకూడదని 2009 నాటి ఒబామా ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ఎందుకు రాయాల్సి వచ్చింది? వేస్తారు కాబట్టి. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ విచారణనే తీసుకోండి. 1954లో ఆయన లాయరుకు క్లియరెన్స్ లేదని, రహస్య కాగితాల ప్రస్తావన వచ్చినప్పుడు ఆ లాయరు గది బయటికి పోవాల్సి వచ్చింది. జూన్ 29న ఓపెన్‌హైమర్ క్లియరెన్స్ రద్దు చేశారు. ఆ మర్నాడు గడువు ఎలాగూ తీరిపోయేది! ఆ నిర్ణయం చెల్లదని, పద్ధతే తప్పని 2022లో ప్రభుత్వమే చెప్పింది. అప్పటికి ఆయన పోయి యాభై అయిదేళ్లు.

బాబాయ్: అది పగ. ఆ కాలం వేరు.

అమ్మాయి: సరే, పగ లేని కేసు చెబుతాను. 1948 అక్టోబరులో జార్జియాలోని వేక్రాస్ దగ్గర వైమానిక దళం బి-29 బాంబర్ విమానం కూలింది. తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లలో ముగ్గురు సివిలియన్ల భార్యలు దావా వేసి ప్రమాదం మీద రిపోర్టు అడిగారు. విమానంలో రహస్య పరికరాలున్నాయి, ఇవ్వం అంది వైమానిక దళం. కనీసం జడ్జికి ఒక్కడికే చూపించమన్నా వినలేదు. 1953లో సుప్రీంకోర్టు, తానూ చదవకుండానే, ప్రభుత్వం మాట నమ్మింది. 2000లో, చనిపోయినవాళ్లలో ఒకాయన కూతురు ఆ రిపోర్టును ఇంటర్నెట్‌లో చూసింది. అప్పటికి రహస్యం ముద్ర తీసేశారు. రహస్య పరికరాల వివరాలు అందులో లేవు. ఇంజన్లకు బిగించాల్సిన హీట్ షీల్డులు, అంటే వేడిని అడ్డుకునే కవచాలు, బిగించలేదని ఉంది.

బాబాయ్: ఆ కూతురు మళ్లీ కోర్టుకెళితే 2005లో అప్పీలు కోర్టు ఏమంది? ప్రభుత్వం మోసం చేసిందని తేలలేదంది. ఆ రోజుల్లో బి-29 గురించి ఏ చిన్న ముక్కయినా శత్రువుకు పనికొస్తుందని వాళ్లు నిజంగానే అనుకుని ఉండొచ్చు.

అమ్మాయి: ఉండొచ్చు బాబాయ్. మోసం అని నేనూ అనడం లేదు. ఒక్క జడ్జి, తలుపులేసుకుని, ఒక్క పూట చదివి ఉండాల్సింది అంటున్నాను. ఫెడరల్ జడ్జీలకు విడిగా క్లియరెన్స్ అక్కర్లేదు కదా. సమాచార చట్టం కేసుల్లో జడ్జీలు రహస్య పత్రాలు తెప్పించుకుని చూడొచ్చని 1974లో అధ్యక్షుడు ఫోర్డ్ వీటోని కాదని మరీ కాంగ్రెస్ చట్టం చేసింది. కొంపలేమీ మునగలేదు. నా క్లయింట్లకూ అదే కావాలి. మాకు చూపించలేకపోతే మానండి, జడ్జికి చూపించండి.

బాబాయ్: చదివినా ఆయనకేం అర్థమవుతుంది? ఏ చిన్న వాక్యం ప్రమాదమో ఆ పనిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

అమ్మాయి: హీట్ షీల్డు ఉందా లేదా అన్నది అర్థం కాదా బాబాయ్?

(ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంజనీరుగా ఆయనకు తగలాల్సిన చోట తగిలింది.)

బాబాయ్: బిగించమని ముందే ఆర్డరుందా?

అమ్మాయి: ఉంది.

బాబాయ్: ఆ రిపోర్టు ఇప్పుడు దొరుకుతుందన్నావు కదా. నాకు పంపించు. మొత్తం చదివాక మాట్లాడతాను.